రిమార్కుల గడి

జమ్మికుంట హైస్కూల్ల నేను చేరిన దినం
లైబ్రరీ రూముల బియ్యం బస్తాలున్నయి.
బస్తాల వెనక బీరువాలు,
బీరువాల తాళాలు ఓదెలు మొలతాడుకు.
"పదకొండేండ్ల సంది
ఒక్క కాగితం పోనియ్యలే మేడం"
అన్నడు అటెండర్ ఓదెలు,
మంచె మీద నిలబడి చేను చూపించినట్టు.

నేను తాళం అడగలే.
వంట చేసే కనకలక్ష్మిని అడిగిన,
బియ్యం ఎలుకలు కొడుతున్నయా అని.
కొడుతున్నయన్నది.
స్టోర్ రూంకైతే గాలి మంచిగొస్తది కదా అన్న, అంతే.
వారం తిరిగేసరికి బస్తాలు నడిచిపోయినయి.
ఆ ఆలోచన తనదేనని
హెడ్మాస్టర్ సారు ఇప్పటికీ చెప్తడు.
చెప్పనీ.

హన్మకొండల మూడు దినాల ట్రైనింగు.
తెర మీద పెద్ద అక్షరాలల్ల నాయకత్వం,
దాని కింద బాణం, బాణం కింద ఇంకో బాణం.
సమోస తిని సంతకం పెట్టిన.
కాజీపేట దాటినంక బస్సుల అనుకున్న,
గా బాణాలల్ల ఒక్కటన్న
జల్లు కొట్టే మా రెండో కిటికీ దిక్కు
చూపిస్తే బాగుండు.

అట్ట ఊడితే మైదా ఉడకబెట్టాలె,
చిటికెడు మైలుతుత్తం కలపాలె, పురుగు పట్టది.
వెన్నుకు గాడాబట్ట అంటించుడు
ఎనిమిదో తరగతి రజాక్‌కు నాకన్న నున్నగ వస్తది,
వాళ్ల ఇంట్ల పరుపులు కుడతరు.
చదువరాని పిల్ల వచ్చి గోడకు ఆనుకుంటే
ఏం చదువుతవని అడగొద్దు.
"గీ గీతలు నాకు వంకర పోతున్నయి,
జర కొట్టిపెడతవా బిడ్డా" అనాలె.
రమ్యశ్రీ అట్లనే వచ్చింది.
స్కేలు పెట్టి నా రిజిస్టరంత గీతలు కొట్టింది:
పేరు, తీసుకున్న తారీఖు, ఇచ్చిన తారీఖు, రిమార్కులు.
గీతల నడుమ ఏం రాస్తున్ననో చూడబోయి
చదువుడు మొదలుపెట్టింది.

పత్తి పగిలినంక బడి పలచబడ్డది.
సీరియల్ నంబరు నాలుగువందల పన్నెండు,
నక్షత్రాల పుస్తకం, ధర నలభై అయిదు,
రమ్యశ్రీతోని పోయి
రమ్యశ్రీ లెక్కనే తిరిగి రాలే.
రెండుసార్లు వాళ్ల ఇంటికి పోయిన.
తాళం.

ఆడిట్ సారు పెన్ను మూత తీసిండు.
నలభై అయిదు నా జీతంల కట్టయినయి.
బీరువాలకు పదకొండేండ్లు తాళమెందుకో
గప్పుడు సమజైంది; ఓదెలు మీద కోపం పోయింది.
రిమార్కుల గడిల
"పోయింది" అని రాసిన, నా చేతితోనే.

మూడేండ్లకు, మార్కెట్ల పత్తి బండ్లు
రోడ్డు దాక వరుస కట్టిన ఒక శనివారం,
జుట్టు నిండ దూదిపోగులతోని ఒకామె గేటు కాడ నిలబడ్డది.
పేరు పోశక్క, జిన్నింగు మిల్లుల పని.
సంచిల నాలుగువందల పన్నెండు.
అట్ట మారింది. వెన్నుకు గాడాబట్ట.
వెనక తెల్ల కాగితం మీద
స్కేలు పెట్టి కొట్టిన గీతలు. పదిహేడు పేర్లు.

"పోశక్క: చంద్రుని కాడ ఆగింది, మళ్ల ఇయ్యాలె."
"హమాలి రాజేశం: వేలిముద్ర. చదివి వినిపించిన."
"బుజ్జమ్మ: రెండు దినాలు లేటు. జుర్మానా ఒక చాయ."
"వాచ్‌మెన్ తాత: అబద్ధమన్నడు. పొద్దుమీకి మళ్ల అడిగిండు."

నేను నిలబడే చదివిన, బెల్లు కొట్టేదాక.
ఆ నలభై అయిదు వాపసు తెచ్చే కాగితం
మా ఆఫీసుల ఏదీ లేదట.

"పిల్లకు రాత్రి డ్యూటీ, పండుకున్నది" అన్నది పోశక్క.
"ఇంకోటి ఇయ్యమన్నది. సముద్రం గురించి ఉంటే."

బడి పేర్లల్ల లేనోళ్లకు ఇయ్యొద్దని రూలు.
నా టేబుల్ అద్దం కింద
నా అక్షరాలల్లనే ఉన్నది.
దాని దిక్కు చూసుకుంట కూసున్న.

ఓదెలు మొల కాడ తడుముకుంటున్నడు.
"సముద్రం ఎన్నో బీరువా మేడం?"